మాంత్రికుడి ప్రాణం చిలుకలో, మన ఇంటి గుట్టు కథలో

మన పిల్లలు తెలుగు వాచకంలో పాఠం చక్కగా అప్పజెబుతారు. పరీక్షలో మార్కులూ తెచ్చుకుంటారు. కానీ ఎవరూ చెప్పకుండా, తమంతట తాముగా ఒక తెలుగు పుస్తకం తీసి చివరి పేజీ దాకా చదివిన పిల్లలు మీ బడిలో ఎంతమంది? హోసూరైనా, బళ్ళారైనా, బరంపురమైనా, షోలాపూరైనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు కాసేపు ఆలోచించాల్సిందే.

అదే పిల్లలు ఇంగ్లిషులో హ్యారీ పోటర్‌ను వందల పేజీలు తిప్పేస్తారు. అన్నం చల్లారిపోతున్నా పుస్తకం మూయరు. కాబట్టి పిల్లలకు చదివే ఓపిక లేదనడం సరికాదు. మాయలు, మాంత్రికులు, సాహసయాత్రలు, చివర్లో ఒక పెళ్ళి, వీటన్నిటి వెనక ఇంట్లో పెద్దలు దాచిన ఒక గుట్టు. ఇవన్నీ కలిసిన నవల దొరికితే ఏ భాషలో ఉన్నా చదువుతారు. అలాంటివి తెలుగులో డెబ్బై ఏళ్ళ కిందటే వచ్చాయి. అందులో పేరుపడినవి చాలావరకు ఆంధ్ర దేశంలో కాకుండా మద్రాసులో పుట్టాయి. అంటే మన పిల్లల్లాగే పొరుగు భాష మధ్య పెరిగిన కథలవి.

వాటిని మళ్ళీ తరగతి గదిలోకి తీసుకురావాలని మేము ఎందుకంటున్నామో ఈ వారం చెబుతాం. ఆ కథల నడుమ ఉండే ప్రశ్న ఒక్కటే: 'నేను ఎవరి బిడ్డను? మావాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు?' ఊరంతా ఒక భాష, ఇంట్లో మరో భాష ఉన్న పిల్లకు, పిల్లవాడికి ఇది కథలో ప్రశ్న మాత్రమే కాదు. రోజూ ఎదురయ్యేదే.

బాలనాగమ్మ కొడుకు

ముందు అందరికీ తెలిసిన కథతో మొదలుపెడదాం. బాలనాగమ్మ కథ బుర్రకథగా, తోలుబొమ్మలాటగా ఊళ్ళు తిరిగింది. 1885లో మొదలైన సురభి నాటక సమాజాలు దాన్ని తరతరాలుగా ఆడుతున్నాయి. 1942లో మద్రాసులో జెమినీ సంస్థ కాంచనమాలను కథానాయికగా పెట్టి సినిమాగా తీసింది.

ఏడుగురు రాకుమార్తెల్లో చిన్నది బాలనాగమ్మ. కార్యవర్ధిరాజును పెళ్ళాడుతుంది. ఒక కొడుకు పుడతాడు. మాయల మరాఠీ అనే మాంత్రికుడు వచ్చి ఆమెను కుక్కగా మార్చి తన కోటకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వెళ్ళిన భర్తా, అతనివాళ్ళూ రాళ్ళయిపోతారు. కొడుకు బాలవర్ధిరాజు పెద్దమ్మల దగ్గర పెరుగుతాడు. పెద్దయ్యాక నిజం తెలుసుకుని తల్లిని వెతుక్కుంటూ బయలుదేరతాడు. పూలమ్మే ముసలమ్మ ఇంట్లో చేరి, ఆమె మనవడినని చెప్పుకుని కోటలోకి వెళతాడు. తల్లి మాంత్రికుణ్ణి మాటల్లో పెట్టి అతని ప్రాణం ఎక్కడుందో రాబడుతుంది. ఏడు సముద్రాల అవతల, ఒక చిలుకలో ఉందది. కొడుకు వెళ్ళి ఆ చిలుకను పట్టి తెస్తాడు.

ఈ కథను పిల్లలకు చెప్పేటప్పుడు మనం ఎక్కువగా చిలుక దగ్గర, రాళ్ళ దగ్గర ఆగుతాం. ఇంకో రెండు చోట్ల కూడా ఆగమని మా మనవి. ఒకటి, పెద్దమ్మల ఇంట్లో పెరిగిన పిల్లవాడికి అసలు సంగతి తెలిసే ఘట్టం. సాహసమంతా అక్కణ్ణుంచే పుడుతుంది. ఆ మాట ఎవరూ చెప్పకపోతే అతను హాయిగా ఆటలాడుకుంటూ ఉండిపోయేవాడు. తల్లి మాత్రం కోటలోనే ఉండిపోయేది. రెండు, తల్లి తెలివి. వ్రతం ఉందని చెప్పి ఏళ్ళ తరబడి మాంత్రికుణ్ణి దూరంగా ఉంచింది ఆమే. ప్రాణరహస్యం రాబట్టింది ఆమే. కొడుకు చేసింది సగం పని. మిగతా సగం తల్లిదే.

బొంబాయిలో అదే చిలుక

ఇది మన ఒక్కరి కథే అనుకుంటే పొరపాటు. 1868లో లండన్‌లో 'ఓల్డ్ డెక్కన్ డేస్' అనే పుస్తకం అచ్చయింది. బొంబాయి గవర్నరుగా పనిచేసిన బార్టిల్ ఫ్రేర్ కూతురు మేరీ ఫ్రేర్ దాన్ని కూర్చారు. కథలు చెప్పింది వారి ఇంట్లో ఆయాగా ఉన్న అన్నా లిబరేటా డిసౌజా. అవన్నీ తన చిన్నతనంలో అవ్వ నోట విన్న కథలని ఆమె చెప్పుకున్నారు.

అందులో మొదటి కథ పేరు 'పంచ్‌కిన్'. ఏడుగురు రాకుమార్తెలు. చిన్నదాని పేరు బాల్నా. మాంత్రికుడు ఆమెను నల్ల కుక్కపిల్లగా మార్చి ఎత్తుకుపోతాడు. భర్తా, బావలూ రాళ్ళవుతారు. కొడుకు పెద్దమ్మల దగ్గర పెరుగుతాడు. పద్నాలుగో ఏట పెద్దమ్మలు అతనికి ఇంటి చరిత్రంతా చెబుతారు. తోటమాలి భార్య అతన్ని చేరదీస్తుంది. మాంత్రికుడి ప్రాణం దూరాన అడవిలో, ఆరు నీళ్ళ కుండల కింద పంజరంలో ఉన్న పచ్చని చిలుకలో ఉంటుంది. పేర్లు తప్ప మిగతాదంతా మన బాలనాగమ్మే.

ప్రాణాన్ని ఒంట్లో కాకుండా వేరే చోట దాచుకున్న మాంత్రికుడి కథలు ప్రపంచమంతా ఉన్నాయి. రష్యాలో కోష్చేయ్ అనే మాంత్రికుడి ప్రాణం సూది మొనలో ఉంటుంది. ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో. జానపద కథల పరిశోధకులు వీటన్నిటినీ ఒకే కుటుంబంగా లెక్కిస్తారు.

ఇప్పుడు హ్యారీ పోటర్ చదివిన పిల్లల్ని అడిగి చూడండి. తల్లిదండ్రుల గురించి నిజం తెలియకుండా పెద్దమ్మ ఇంట్లో పెరిగిన పిల్లవాడు. ప్రాణాన్ని ముక్కలు చేసి వేరువేరు వస్తువుల్లో దాచుకున్న మాంత్రికుడు. వాటిని ఒక్కొక్కటే వెతికి నాశనం చేస్తే తప్ప వాడు చావడు. ఈ పోలిక పిల్లలే పట్టుకుంటే వాళ్ళ కళ్ళు మెరుస్తాయి. 'మీ ఇంగ్లిషు పుస్తకం పక్కన పెట్టి తెలుగు చదవండి' అనే మందలింపు కంటే, 'మీరు చదివిన ఆ కథ మా అవ్వకు కూడా తెలుసు' అనే మాట ఎక్కువ పని చేస్తుంది.

మద్రాసులో పుట్టిన మాంత్రికులు

నోటి కథ నవలగా మారిన చోటు మద్రాసు. 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి 'చందమామ' మాసపత్రికను మొదలుపెట్టారు. ఒకే నెలలో తెలుగులోనూ, తమిళంలో 'అంబులిమామా' పేరుతోనూ వచ్చింది. 1951లో వీళ్ళిద్దరి విజయా సంస్థే 'పాతాళభైరవి' తీసింది. తోటరాముడు అనే తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమించడం, ఆమెను చేసుకోవాలంటే ధనం కావాలనడంతో నేపాళ మాంత్రికుడి వలలో పడడం ఆ కథ. అది కూడా తెలుగు, తమిళ భాషలు రెండింటిలో తయారైంది.

చందమామ సంపాదక బాధ్యత 1952 నుంచి 1980 దాకా కొడవటిగంటి కుటుంబరావుది. పత్రిక మీద ఆయన పేరు అంతగా కనిపించకపోయినా, ఆ భాష ఆయన చేతిలో నలిగిన భాష. చిన్న వాక్యం. నోట పలికే మాట. అనవసరమైన విశేషణం ఉండదు. ఐదో తరగతి పిల్ల తడుముకోకుండా చదవగలిగే తెలుగది.

1952లోనే తెనాలి ప్రాంతం నుంచి ఒక కుర్రవాడు వచ్చి అక్కడ ఉద్యోగంలో చేరాడు. పేరు దాసరి సుబ్రహ్మణ్యం. వయసు ఇరవై ఏళ్ళు. 2006 దాకా అక్కడే పనిచేశారు. 1954లో 'తోకచుక్క' అనే ధారావాహిక మొదలైంది. తర్వాత 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'రాతిరథం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం', 'భల్లూక మాంత్రికుడు' వరసగా వచ్చాయి. ఇరవై ఏళ్ళకు పైగా సాగిన ఈ పరంపర అంతా రాసింది ఆయనే. అచ్చులో మాత్రం ఆయన పేరు ఉండేది కాదు. నెలనెలా పోస్టుమాన్ కోసం ఎదురుచూసిన లక్షల మంది పిల్లలకు తమను అంతగా కట్టిపడేసిన మనిషెవరో తెలియదు. గుట్టు విప్పే కథలు రాసిన మనిషి పేరే గుట్టుగా ఉండిపోయింది. ఆయన 2010లో కన్నుమూశారు. ఈ నవలలు ఇప్పుడు ఆయన పేరుతోనే పుస్తకాలుగా దొరుకుతున్నాయి.

పక్కింటి తాతకూ తెలిసిన కథ

మన పాఠకులకు ఇక్కడే అసలైన విశేషం ఉంది. చందమామకు కథలు తెలుగులో తయారయ్యేవి. అక్కణ్ణుంచి మిగతా భాషల్లోకి వెళ్ళేవి. తమిళంలో 'అంబులిమామా', కన్నడంలో 'చందమామ', మరాఠీలో 1952 నుంచి 'చాందోబా', ఒడియాలో 1956 నుంచి 'జహ్నమాము'. బొమ్మలు అన్నిటికీ అవే. ధారావాహికలకు 'చిత్ర' గీసిన బొమ్మలు, బేతాళ కథలకు ఈరోడ్ ప్రాంతం నుంచి వచ్చిన తమిళుడు శంకర్ గీసిన బొమ్మలు దేశమంతా ఒకే నెలలో చూశారు.

అంటే ఏమిటి? షోలాపూర్‌లో మీ పక్కింటి మరాఠీ తాతయ్యను, పర్లాకిమిడిలో ఒడియా మాస్టారిని, కోలారులో కన్నడ అవ్వను అడిగితే ఆ మాంత్రికుల బొమ్మలు చిన్నప్పుడు చూసిన గుర్తు వాళ్ళకూ ఉండవచ్చు. వాళ్ళు తమ భాషలో చదివారు. మూలం మాత్రం మన భాషలోది.

ఇది మన పిల్లలకు చెప్పి తీరాలి. పొరుగు భాషకు పెద్ద సాహిత్యం ఉందనీ, తమ ఇంటి భాష వంటింటి వరకేననీ ఒక చిన్నచూపు చాలామంది పిల్లల్లో నెమ్మదిగా పేరుకుంటుంది. ఎవరూ నేర్పకపోయినా నేర్చుకుంటారు. తన స్నేహితుడి తాత ఇష్టంగా చదివిన కథ తన భాషలో పుట్టిందని తెలిస్తే ఆ చిన్నచూపు కొంత తగ్గుతుంది. పొరుగు భాష మీద గౌరవమూ తగ్గదు, ఎందుకంటే ఆ కథను ఇంట్లోకి రానిచ్చి ఆదరించింది ఆ భాషే.

నెలకో భాగం: లోపలి పనితనం

ఈ నవలలు పిల్లల్ని ఎలా పట్టుకునేవో చూస్తే, తరగతిలో ఎలా వాడుకోవాలో తెలుస్తుంది.

'తోకచుక్క' కుండలినీ ద్వీపం మీద ఆకాశంలో ఒక తోకచుక్క కనిపించడంతో మొదలవుతుంది. సేనాని సమరసేనుడు ఓడలతో సముద్రం దాటి మాంత్రికులుండే దీవికి చేరతాడు. ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే ఇద్దరు మాంత్రికుల పగ మధ్య చిక్కుకుంటాడు. ఒకడికి ఒకే కన్ను, ఇంకొకడికి నాలుగు. పేరు వింటేనే బొమ్మ కనిపిస్తుంది. 'ముగ్గురు మాంత్రికులు'లో పింగళుడనే కుర్రవాడికి బయట మాంత్రికులతో ఎంత ప్రమాదమో, ఇంట్లో ఓర్వలేని అన్నలతోనూ అంతే ప్రమాదం. పద్మపాదుడు అనే మాంత్రికుడు మాత్రం అతనికి అండగా నిలుస్తాడు. మాంత్రికులంతా చెడ్డవాళ్ళు కారు, అయినవాళ్ళంతా మంచివాళ్ళు కారు అన్నది పిల్లలకు ఈ కథ ఉపన్యాసం లేకుండా చెబుతుంది. 'మాయాసరోవరం'లో కనకాక్ష మహారాజు కొడుకూ కూతురూ మాయమైపోతే, వాళ్ళను వెతకడానికి జయశీలుడు, సిద్ధసాధకుడు బయలుదేరతారు. ఇక్కడా కథను నడిపేది పిల్లలు దూరమైన ఒక ఇంటి బాధే.

ప్రతి భాగం కొద్ది పేజీలే. మొదట్లో జరిగిన కథ నాలుగు మాటల్లో ఉంటుంది. చివర్లో ఎవరో ఒకరు ప్రమాదం అంచున నిలబడి ఉంటారు. కింద 'ఇంకా ఉంది' అనే మాట. అప్పట్లో నెల రోజులు ఆగాల్సిందే. ఆ ఆగడంలోనే పిల్లలు కథను నలుగురితో పంచుకున్నారు, ముందేం జరుగుతుందో ఊహించారు, పందేలు కాశారు. చదువు అంటే పేజీ మీద కళ్ళు పరిగెత్తించడం ఒక్కటే అనుకుంటే ఈ సగాన్ని మరిచిపోతాం.

మూడు జాగ్రత్తలు

ఈ కథలన్నీ కళ్ళు మూసుకుని పిల్లల చేతికివ్వమని మేము అనడం లేదు.

మొదటిది, దుర్మార్గుడి పేరు. 'మాయల మరాఠీ', 'నేపాళ మాంత్రికుడు' అన్నప్పుడు పరాయి దేశం నుంచి వచ్చినవాడే దుర్మార్గుడన్న అర్థం వస్తుంది. పాతకాలం కథలు అన్ని భాషల్లోనూ ఇలాగే ఉన్నాయి. కానీ షోలాపూర్‌లోనో భివండీలోనో మరాఠీ పిల్లల పక్కన కూర్చుని చదువుకునే మన పిల్లకు ఆ పేరు అలాగే చెప్పి వదిలేయకూడదు. తరగతిలోనే అడగండి: 'కథల్లో చెడ్డవాణ్ణి ఎప్పుడూ వేరే ఊరివాడిగా ఎందుకు పెడతారు? మన ఊళ్ళో మనల్ని వేరే ఊరివాళ్ళనుకునే వాళ్ళుంటే వాళ్ళ కథలో మనం ఎవరం అవుతాం?' ఏడో తరగతి పిల్లలు ఈ ప్రశ్నకు పెద్దవాళ్ళ కంటే నిజాయితీగా జవాబిస్తారు.

రెండోది, కథలో మంత్రం వేరు, ఊళ్ళో మంత్రం వేరు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని, ముఖ్యంగా ఒంటరి ఆడవాళ్ళను హింసించడం ఇప్పటికీ ఆగలేదు. అందుకే మహారాష్ట్రలో 2013లో, కర్ణాటకలో 2017లో అఘోరీ పనులు, క్షుద్ర విద్యల పేరుతో జరిగే దురాచారాలకు వ్యతిరేకంగా చట్టాలు వచ్చాయి. ఒడిశాలో మంత్రగత్తె అనే ముద్ర వేసి వేధించడాన్ని నేరం చేస్తూ 2013లో చట్టం చేశారు. మాంత్రికుడి నవల చదివిన వారమే ఈ సంగతి కూడా ఒక పది నిమిషాలు మాట్లాడితే, కథను కథగా చూసే తెలివి పిల్లలకు వస్తుంది. మంత్రాలూ మాయలూ ఊహకు రెక్కలు. ఊళ్ళో ఎవరైనా తనకు అవి నిజంగా వచ్చని చెబితే మోసమేనని పిల్లలకు తెలియాలి.

మూడోది, వయసు. తెలుగులో చేతబడి మీద పెద్దల నవలలు కూడా చాలా వచ్చాయి. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' అందులో పేరుపొందినది. ఇంట్లో అల్మారాలో ఉన్నంత మాత్రాన అది ఆరో తరగతి పిల్లకు తగదు. పిల్లల నవలలో భయం ఉంటుంది, కానీ ఆ భయం దాటే దారి కూడా అదే పేజీలో కనిపిస్తుంది. ఈ తేడాను చూసి ఎంచుకోవాలి.

పెద్ద తరగతుల వారికి

తొమ్మిది, పది తరగతులకు వచ్చిన పిల్లలకు ప్రేమకథ మీద ఆసక్తి సహజం. దాన్ని తప్పుగా చూడనక్కర్లేదు. పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాశారు. అది పద్యకావ్యమే అయినా లోపలి కథ ఇప్పటి నవలలా చిక్కుముళ్ళతో నడుస్తుంది. మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు. కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. అసలు రంభ, నకిలీ రంభ ఎదురుపడతారు. ఎవరు ఎవరో, ఏ జన్మలో ఏమవుతారో చాలా దూరం పోతే గాని తేలదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఇంగ్లిషులోకి అనువదించగా 2002లో వెలువడింది.

పద్యాలన్నీ చదివించమని మేము చెప్పం. శృంగార వర్ణనలు బడికి తగవు కూడా. ఉపాధ్యాయులు ముందు తాము చదివి, ఆ రూపాలు మారే ఘట్టాన్ని వచనంలో చెబితే చాలు. నాలుగు వందల ఏళ్ళ కిందటే తెలుగులో ఇంత అల్లిక ఉందా అని పిల్లలు ఆశ్చర్యపోతారు.

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీమజిలీ కథలు' కూడా ఇలాగే చెప్పుకోదగ్గవి. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచిపోతూ వెంట ఒక గోపకుమారుణ్ణి తీసుకెళతాడు. దారిలో ఏ వింత కనిపించినా దాని కథ చెప్పాలన్నది కుర్రవాడి షరతు. ఆ భాష ఇప్పటి పిల్లలకు బరువు. కానీ అడిగే కుర్రవాడు, చెప్పే పెద్దాయన అన్న ఆ ఏర్పాటు ఏ తరగతిలోనైనా పనికొస్తుంది.

వారానికి ఒక పిరియడు

తెలుగు పిరియడుకు సమయం దొరకడమే కష్టమని మాకు తెలుసు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. మిగతా రాష్ట్రాల్లోనూ రాష్ట్ర భాష, ఇంగ్లిషు, లెక్కలు పోను మిగిలిందే మనకు. అందుకే మేము అడిగేది వారానికి ఒక్క పిరియడు.

ఒక నవల ఎంచుకోండి. వారానికి ఒక భాగం మాత్రమే. టీచరు పైకి చదవాలి. ముందు వారం కథను ఒక పిల్ల నాలుగు మాటల్లో చెప్పాలి. ఈ పని వంతులవారీగా అందరికీ రావాలి. ప్రమాదం అంచున ఆపేయండి. తర్వాతి భాగం ఎంత బతిమాలినా ఇవ్వకండి. 'ముందేం జరుగుతుంది' అన్నదాన్ని ఇంటి దగ్గర ఐదు వాక్యాల్లో రాసుకురమ్మనండి. తప్పులు దిద్దే ముందు ఊహను మెచ్చుకోండి.

మాటల పుస్తకం ఒకటి పెట్టించండి. కోట, సొరంగం, బిలం, శిథిలం, మారువేషం, ముద్రిక, శాపం. ఇవి వాచకంలో అరుదుగా వస్తాయి, ఈ నవలల్లో ప్రతి నెలా వస్తాయి. పక్కనే పొరుగు భాష మాట కూడా రాయమనండి. చిలుకను కన్నడంలో గిళి అంటారు, తమిళంలో కిళి, మరాఠీలో పోపట్, ఒడియాలో శుఆ. కోటను తమిళంలో కోట్టై, కన్నడంలో కోటె అంటారు. రెండు భాషలు తెలిసిన పిల్లకు ఇది ఆట. ఒకే భాష తెలిసినవాళ్ళు ఈ ఆట ఆడలేరని కూడా చెప్పండి.

ఇంట్లో మాట్లాడే తెలుగుకూ, పుస్తకంలో తెలుగుకూ తేడా వస్తే కంగారుపడకండి. హోసూరు పిల్ల 'అవ్వ' అంటుంది, బరంపురం పిల్ల 'మామ్మ' అంటుంది, యానాం పిల్ల 'నాయనమ్మ' అంటుంది. బాలవర్ధిరాజు కథను తమ ఇంటి యాసలో చెప్పమంటే పిల్లలు మొదట సిగ్గుపడతారు, తర్వాత ఆపమన్నా ఆపరు. చదువురాని తెలుగు అని ఇన్నాళ్ళూ దాచుకున్న ఆ యాస కథ చెప్పడానికి ఎంత బాగుంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఇంట్లో చేయాల్సింది

తల్లిదండ్రులకు ఒక్క మాట. బాలవర్ధిరాజుకు పెద్దమ్మలు నిజం చెప్పకపోతే కథ లేదు. మన ఇళ్ళలో కూడా చెప్పకుండా ఉండిపోయిన కథలున్నాయి. తాత ఏ ఊరు నుంచి మగ్గం మూటగట్టుకుని వచ్చాడు? ముత్తాత గని పనికో, రైలు పనికో, పొలం కోసమో ఎప్పుడు వలస వచ్చాడు? ఇంటిపేరులో ఉన్న ఊరు ఎక్కడుంది? పక్కింటివాళ్ళు వేరే భాష మాట్లాడుతుంటే మనం ఎందుకు తెలుగు మాట్లాడుతున్నాం? పిల్లలు ఇవన్నీ ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు. 'నీకెందుకు, చదువుకో' అనే జవాబు దొరికితే, ఇక అడగడం మానేస్తారు. ఆ తర్వాత ఆ భాషలో వాళ్ళు వెతుక్కోవడానికి ఏమీ మిగలదు.

నవల చదివిన నెలలోనే పిల్లల చేత ఇంట్లో పెద్దవాళ్ళను నాలుగు ప్రశ్నలు అడిగించండి. జవాబులను కథలా రాయించండి. మాయ కలపాలనుకుంటే కలపనివ్వండి. తాత దాటిన కృష్ణానది ఏడు సముద్రాల్లో ఒకటైతే తప్పేం లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. కొన్ని ఇళ్ళలో అప్పులు, తగవులు, విడిపోవడాలు, పెద్దలను కాదని చేసుకున్న పెళ్ళిళ్ళు ఉంటాయి. తరగతిలో చదవడానికి ఏది రాయాలో, ఏది రాయకూడదో నిర్ణయం ఆ ఇంటివాళ్ళకే వదిలేయాలి. గుట్టు విప్పించడం టీచరు పని కాదు. అడిగే ధైర్యం పిల్లలకు ఇస్తే చాలు.

చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్ళు దాటింది. పోస్టుమాన్ కోసం వీధి చివర నిలబడే పిల్లలు ఇప్పుడు లేరు. కథ కోసం నిలబడే పిల్లలు మాత్రం ఉన్నారు. ఇంగ్లిషు పుస్తకం పట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా మేలుకునేది వాళ్ళే. వచ్చే సోమవారం తెలుగు పిరియడులో వాచకం కాసేపు పక్కన పెట్టి, ఒక మాంత్రికుడి కథ మొదటి భాగం పైకి చదవండి. అసలైన చోట ఆపేయండి. బుధవారానికి ఎంతమంది మీ బల్ల దగ్గరికి వచ్చి 'తర్వాతేమైంది?' అని అడుగుతారో లెక్కపెట్టండి. అడిగినవాళ్ళు ఏ భాషలో అడిగారో కూడా గమనించండి.